గిలాబు పని – దేశానికొక తీరు

మన హాస్టల్‌లో చదివినవారికి గోడ పెచ్చుల గురించి వేరే చెప్పనక్కరలేదు. వానాకాలం వచ్చిందంటే ట్రంకు పెట్టెల వెనుక గోడ ఉబ్బేది. రాత్రి చదువుకుంటుండగా అరచేయంత పెళ్ల ఊడి ఎవరో ఒకరి నోటుబుక్కు మీద పడేది. వార్షికోత్సవం దగ్గరపడగానే దాని మీదే సున్నం కొట్టేవారు. ఆ పెళ్లను వేళ్ల మధ్య నలిపి చూసి "ఇందుల సిమెంటు తక్కువ, మన్ను ఎక్కువ" అని చెప్పగలిగిన విద్యార్థులు మనలో ఎంతమంది ఉండేవారో గుర్తు చేసుకోండి! వేసవి సెలవుల్లో తట్ట మోయనివారు మనలో తక్కువే కదా.

మేము కూడా ఆ ఇళ్లలో నుండి వచ్చినవారమే. మా నాయన సుతారి పని చేస్తాడు. అమ్మ మాలు కలిపి అందిస్తుంది. కోస్తా మిత్రులు దీన్నే తాపీ పని అంటారు. గోడకు పూత పూయడాన్ని మా వైపు గిలాబు అంటే, పట్నంలో అందరూ ప్లాస్టరింగ్ అంటున్నారు. పేరు ఏదైనా ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ కళ్ల ముందు ఉండేది ఈ పూతే. దాని గురించి పుస్తకాల్లో చదవవచ్చునన్న ఆలోచన మాకు పి.జి. చదివే రోజుల వరకు రాలేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వేరే పుస్తకం కోసం వెదుకుతూ సివిల్ ఇంజనీరింగ్ అర దగ్గర ఆగిపోయాం. అప్పటి నుండి చదివినదీ, గల్ఫ్ నుండి వచ్చినవారిని అడిగి తెలుసుకున్నదీ కలిపి ఈ వ్యాసంగా రాస్తున్నాం.

ముందుగా పదార్థాల సంగతి. ప్రపంచంలో ఎక్కడ చూసినా గోడకు పూసేది ముఖ్యంగా నాలుగే: మట్టి, సున్నం, జిప్సం, సిమెంటు. ఒక్కొక్కటి గట్టిపడే తీరు వేరు. మట్టి నీరు ఆరిపోతే గట్టిపడుతుంది, మళ్లీ తడిస్తే కరుగుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మళ్లీ రాయి అవుతుంది. దీనికి నెలలు పడుతుంది. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని నీటిలో మూడు పాళ్లు పోయి పొడి మిగులుతుంది. ఆ పొడికి నీళ్లు తిరిగి ఇస్తే కొద్దిసేపట్లో రాయి అయిపోతుంది. చెయ్యి విరిగితే కట్టే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఇదే. పారిస్ నగరంలోని మోంమార్ట్ర్ కొండ గనుల్లో ఈ రాయి విరివిగా దొరికేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇక సిమెంటు. దీనికి ఆరడం పనికిరాదు. నీటితో కలిసి రోజుల తరబడి లోపల మార్పు జరగాలి, అందుకే వారం రోజులు నీళ్లు కొడతాం.

మన హాస్టల్ పెచ్చుల రహస్యం ఇక్కడే ఉంది. పొడి ఇటుక మీద మాలు కొడితే ఇటుక ఆ నీళ్లను తాగేస్తుంది. సిమెంటుకు నీరు మిగలదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది గాని వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం వస్తుంది. గోడను ముందురోజు తడపకపోయినా, తరువాత నీళ్లు కొట్టకపోయినా ఫలితం ఒకటే. నేల నుండి చెమ్మ, దానితో పాటు ఉప్పు పైకి ఎక్కితే ఇక చెప్పనక్కరలేదు.

సిమెంటు మనకు పాతది కాదు. 1824లో ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఇటుకలు పేర్చే మేస్త్రీ అని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు! అంతకుముందు మన దగ్గర గానుగలో నూరిన సున్నమే. 1591 నాటి చార్మినార్ మీద మనం చూసే పూలు, తీగలు అన్నీ సున్నపు గచ్చుతో చేసినవే. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారని పాత మేస్త్రీలు చెబుతారు. 2019 మే నెలలో చార్మినార్ మినారు ఒకదాని నుండి గచ్చు ముక్క ఊడి పడినప్పుడు పత్రికలన్నీ రాశాయి. అలాంటి చోట సిమెంటు పూస్తే ఏమవుతుందో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తెలిసింది. 20వ శతాబ్దంలో మరమ్మతు పేరుతో పూసిన సిమెంటును, 2013లో మొదలైన పునరుద్ధరణలో పనివాళ్లు చెక్కి తీసి మళ్లీ సున్నమే పూశారు. సిమెంటు పూత గోడలోని చెమ్మను బయటికి పోనివ్వదు. సున్నం పోనిస్తుంది.

ఇప్పుడు మన దగ్గర మామూలు ఇంటి పని ఎట్లా ఉంటుందో అందరికీ తెలుసు. లోపల 12 మిల్లీమీటర్లు, బయట రెండు పూతలుగా 20, స్లాబు కింద 6. సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు నుండి ఆరు పాళ్లు. 1972లో వచ్చిన ఐ.ఎస్. 1661 అనే భారత ప్రమాణంలో ఈ పని పద్ధతి అంతా రాసి ఉంది. కాని కాగితం మీది 12 మిల్లీమీటర్లు గోడ మీద ఎప్పుడూ 12 ఉండవు. ఇటుక వంకర, కట్టుబడి వంకర, పైన స్లాబు వంకర. అన్ని వంకరలనూ చివరికి గిలాబు చేసేవాడే సరిచేయాలి. ఒకచోట 8, ఒకచోట 30 అవుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కించినా రేటు మాత్రం అదే చదరపు అడుగుకు.

బ్రిటన్ పద్ధతి దీనికి దూరం. అక్కడ ఇళ్లలో లోపలి గోడలకు చాలావరకు ముందే ఫ్యాక్టరీలో తయారైన 12.5 మిల్లీమీటర్ల జిప్సం పలకలను బిగిస్తారు. వాటి మీద ప్లాస్టరర్ వేసేది రెండు పలుచని పూతలు, రెండూ కలిపి 2 నుండి 3 మిల్లీమీటర్లు మాత్రమే! ఇంత పలుచని పనికి ఇంత పేరేమిటి అనిపిస్తుంది. కాని జిప్సం గంట, గంటన్నరలో గట్టిపడుతుంది. ఆ లోపల పూయాలి, చదును చేయాలి, కొద్దిగా బిగుసుకోగానే మళ్లీ రుద్దాలి, ఇంకొంచెం బిగియగానే మరోసారి. ఏ నిమిషంలో తాపీ పెట్టాలో తెలియడమే అక్కడి విద్య. తొందరపడితే గీతలు పడతాయి, ఆలస్యమైతే నల్లబడుతుంది. పని అయ్యాక గోడ అద్దంలా ఉంటుంది, నీళ్లు కొట్టే అవసరమే లేదు.

పనిముట్టు కూడా వేరు. మనం గమేళాలోని మాలును తాపీతో తీసి గోడకేసి కొడతాం. ఆ దెబ్బకే గాలి పోయి మాలు ఇటుకల సందుల్లో కరుచుకుంటుంది. వాళ్లు ఎడమ చేతిలో పిడి ఉన్న చదరపు పలక పట్టుకొని, దాని మీద మాలు పెట్టుకొని, పొడవాటి ఉక్కు తాపీతో గోడకు అదిమి పరుస్తారు. ఆ పలకను హాక్ అంటారు. ఇంగ్లీషులో డేగను కూడా అదే మాటతో పిలుస్తారు. మాలు మోసే మనిషి గంటకోసారి వచ్చినా సరిపోయేలా ఆ పలక ఉపయోగపడుతుంది. మన దగ్గర ఒక్కో మేస్త్రీకి అందించడానికి ఒకరో ఇద్దరో ఉంటారు, ఎక్కువగా ఆడవాళ్లు. మా అమ్మ ఇరవై ఏళ్లుగా మాలు కలుపుతోంది. పార మీద మాలు జారే తీరు చూసి నీళ్లు ఎక్కువైందీ తక్కువైందీ చెబుతుంది. బ్రిటన్‌లో ఆ లెక్క అంతా ఫ్యాక్టరీలోనే అయిపోయి 25 కిలోల సంచిలో వస్తుంది, నీళ్లు పోసి కలపడమే మిగిలింది. మన దగ్గర ఆ లెక్క తెలిసిన మనిషికి మేస్త్రీ కూలిలో సగం కూడా రాదు.

లండన్‌లో గిలాబు పనివారి సంఘానికి 1501లోనే ఏడవ హెన్రీ రాజు పత్రం రాసి ఇచ్చాడు. ఆ సంఘం నేటికీ ఉంది.

అమెరికాలో గోడ పూత పని చాలావరకు కనుమరుగైంది. పూర్వం వాళ్లు సన్నని చెక్క బద్దలు కొట్టి వాటి మీద మూడు పూతలు పూసేవారు. 1894లో ఆగస్టీన్ సాకెట్ అనే ఆయన కాగితం, జిప్సం పొరలతో పలకకు పేటెంటు పొందాడు. అయినా చాలాకాలం జనం దాన్ని చవకబారు సరుకుగానే చూశారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పనివాళ్లు దొరకక, ఇళ్లు తొందరగా కట్టవలసి వచ్చి ఆ పలకే గెలిచింది. ఇప్పుడు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న పలకలను మరలతో బిగించి, అతుకుల మీద కాగితపు పట్టీ పెట్టి, పైన ఒక లేపనం పూసి కనబడకుండా చేస్తారు. ఆ లేపనాన్ని అక్కడి పనివాళ్లు 'మడ్' అంటారు, అంటే బురద. ఈ పనికి సున్నా నుండి 5 వరకు స్థాయిలు ఉన్నాయి. ఎవరికీ కనబడని చోట 1 చాలు, టైల్స్ అంటించే చోట 2, పక్క నుండి వెలుగు పడి ప్రతి గీతా కనిపించే గోడకు 5. ఏ స్థాయి కావాలో కాగితం మీద ముందే రాసుకుంటారు. మన దగ్గర మాత్రం పని అంతా అయ్యాక సాయంత్రం లైటు వేసి "ఇక్కడ ఎత్తుగుంది చూడు" అంటారు.

జర్మనీ గురించి చదివినప్పుడు మేము ఎక్కువసేపు ఆగిపోయాం. అక్కడ యంత్రం మాలును కలిపి గొట్టం ద్వారా గోడ మీద చిమ్ముతుంది, పనివాళ్లు వెనుక బద్దతో లాగి చదును చేస్తారు. లోపలి పూత సుమారు 10 మిల్లీమీటర్లు. అయితే మమ్మల్ని ఆపింది యంత్రం కాదు. ఆ పని చేసేవాడిని ష్టుకటోయర్ అంటారు. ఆ పేరు రావాలంటే మూడేళ్లు శిక్షణ పొందాలి. కొంతకాలం బడిలో, కొంతకాలం నిజమైన పని దగ్గర. నేర్చుకునే రోజుల్లోనే జీతం ఇస్తారు. చివర పరీక్ష. ఆ తరువాత మరో పెద్ద పరీక్ష గెలిస్తే మైస్టర్. సొంతంగా దుకాణం పెట్టుకోవాలంటే సాధారణంగా ఆ మైస్టర్ పట్టా ఉండాలి. మన 'మేస్త్రీ' పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చిందని, ఈ మైస్టర్, మన మేస్త్రీ రెండూ ఒకే లాటిన్ మాట నుండి పుట్టాయని భాషావేత్తలు చెబుతారు. జపాన్‌లో వెదురు తడికెకు గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన నార, సముద్రపు నాచు జిగురు కలిపిన సున్నం పూసే పనివాడిని సకాన్ అంటారు. ఆయన దగ్గర ఒక్కో పనికి ఒక్కో తాపీ చొప్పున పదుల కొద్దీ ఉంటాయి. ప్రభుత్వమే పరీక్ష పెట్టి శ్రేణి ఇస్తుంది. మన మట్టి గోడలకు పేడ, ఊక కలిపి అలికే మన అమ్మమ్మలకు సగం పని తెలిసినట్టే కదా!

హాస్టల్‌లో చేరేటప్పుడు, ఆ తరువాత ఏటేటా స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు తండ్రి వృత్తి అన్న గీత మీద మేము ఏడేళ్లు 'కూలి' అని రాశాం. గదిలో పక్కవాళ్లు కూడా అదే రాసేవారు. ఎవరి తండ్రి ఏ పని చేస్తాడో ఒకరికొకరం చెప్పుకున్నామే గాని ఆ గీత మీద రాయవచ్చునని ఎవరమూ అనుకోలేదు.

ఇక మన వాళ్లు ఎక్కువగా వెళ్లే గల్ఫ్ సంగతి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు వైపు ఊళ్లలో ఇంటికొకరు వెళ్లి వచ్చినవారే. అక్కడా సిమెంటు గిలాబే కాబట్టి మన మేస్త్రీలకు సులభం అనుకుంటాం. మేము మూడవ తరగతిలో ఉండగా, 2010లో, మా నాయన ముంబైలో ఏజెంటు పెట్టిన పరీక్షకు వెళ్లాడు. అప్పటికి పదిహేనేళ్ల అనుభవం. గోడ చూపించి, ఒక ఇనుప పట్టీ, ఒక జాలీ ముక్క చేతిలో పెట్టి చేయమన్నారట. మన దగ్గర గోడ మూలకు చెక్క బద్ద ఆనించి, చిక్కని సిమెంటు పాలతో అంచు తీస్తాం. అక్కడ మూలకు రంధ్రాలున్న ఇనుప పట్టీ ముందే బిగించి, దాన్ని ఆధారం చేసుకొని పూయాలి. సిమెంటు పిల్లరు, బ్లాకు గోడ కలిసే చోట బీట పడకుండా జాలీ పరచాలి. నున్నటి కాంక్రీటు మీద ముందు పలుచని సిమెంటు చిలకరించి గరుకు చేసి, అది గట్టిపడ్డాకే పూత. గోడ మీద అక్కడక్కడ మాలు బిళ్లలు పెట్టి, తూకం గుండుతో సరిచూసి, ఆ బిళ్లల మట్టానికి గోడంతా లాగాలి. బిళ్లలు పెట్టడం మా నాయనకు తెలుసు. పట్టీని, జాలీని మాత్రం ఆయన అంతవరకు చూడలేదు.

"కన్నుతోని మూల తీస్త అన్న. కన్ను వద్దు, పట్టీ వెట్టు అన్నరు" అని చెప్పేవాడు. మేస్త్రీగా తీసుకోలేదు, హెల్పరుగా పంపారు. వేరేవాళ్ల కోసం ఆరు నెలలు మాలు మోశాడు. అక్కడ ఒక కేరళ మేస్త్రీ మధ్యాహ్నం విరామంలో పట్టీ బిగించడం చూపించాడు. ఒక్క పూట పని! ఆ ఒక్క పూట తెలియనందుకు ఆరు నెలల జీతంలో తేడా పోయింది. మధ్యాహ్న విరామం అంటే గుర్తొచ్చింది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు పన్నెండున్నర నుండి మూడు గంటల దాకా ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది. మన రోహిణి కార్తెలో అలాంటిది మేమెక్కడా చూడలేదు.

ఇటీవల ఇంకో దారి తెరుచుకుంది. 2023 నవంబరులో భారత్, ఇజ్రాయెల్ మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడి నిర్మాణాలకు మనవాళ్లను తీసుకున్నారు. షట్టరింగ్, ఇనుము వంచడం, టైల్స్, గిలాబు – ఈ నాలుగు పనులకే పిలిచారు. 2024లో తెలంగాణలో కూడా ఎంపికలు జరిగాయి. యుద్ధం జరుగుతున్న దేశానికి పోవడమా అని మేము అడిగితే మా ఊరి అన్న ఒకరు, "ఇక్కడ పరంజా మీదకెళ్లి పడ్తే ఎవలు అడుగుతరు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేకపోయింది. వెళ్లదలచినవారు ఏ దేశానికైనా సరే, అక్కడి పరీక్షలో ఏ పనిముట్టు ఇస్తారో ముందే కనుక్కొని పోవాలి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ, న్యాక్ అని అందరూ పిలిచేది, ఇటువంటి పనులు నేర్పడానికి పెట్టిందే.

వెళ్లనివారికి కూడా ఈ తేడాలు తెలియాలి. ఎందుకంటే అవి ఇప్పుడు మన దగ్గరికే వచ్చాయి. హైదరాబాదు అపార్టుమెంట్లలో లోపలి గోడలకు జిప్సం పూత, నది ఇసుక బదులు రోబో ఇసుక, ఎర్ర ఇటుక బదులు తేలిక బ్లాకులు. మివాన్ అని పిలిచే అల్యూమినియం అచ్చుల్లో గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోస్తే అచ్చు విప్పేటప్పటికే గోడ నున్నగా వస్తుంది. దానికి గిలాబే అక్కరలేదు, పైన పలుచగా పుట్టీ చాలు. అడ్డా మీద నిలబడే మా నాయన వయసు వాళ్లు ఆ టవర్ల వైపు చూసి, ఇండిపెండెంటు ఇళ్లు కట్టే కాలనీల వైపు వెళ్లిపోతారు.

చివరగా కొలత విషయం. నిజానికి ఈ వ్యాసం రాయాలనిపించింది దీని వల్లనే.

పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న గోడ ఒకటి అనుకుందాం. మధ్యలో నాలుగు అడుగులకు నాలుగు అడుగుల కిటికీ. లోపల, బయట ఒకే రకం గిలాబు చేస్తే రెండు వైపులా కలిపి 200 చదరపు అడుగులు. కిటికీ ఖాళీ ఒక్కో వైపు 16. మా నాయనకు గుత్త ఇచ్చిన మేస్త్రీ ఒకాయన రెండు వైపులా తీసేసి 168కి లెక్క కట్టేవాడు. కిటికీ చుట్టూ లోపలి అంచులు కూడా గిలాబు చేయాలి కదా, వాటికి ఏమీ లేదు. ఆ అంచులే గోడ కంటే కష్టమైన పని.

గ్రంథాలయంలో మాకు దొరికినది ఐ.ఎస్. 1200, 12వ భాగం. 1976లో వచ్చింది. గిలాబు పని ఎట్లా కొలవాలో చెబుతుంది. అర చదరపు మీటరు లోపు ఖాళీలకు అసలు తగ్గింపు లేదు. అర నుండి 3 చదరపు మీటర్ల వరకు, రెండు వైపులా ఒకే గిలాబు ఉంటే ఒక్క వైపే తగ్గించాలి, రెండవ వైపు వదిలేది లోపలి అంచుల పనికి బదులు. మన కిటికీ సుమారు ఒకటిన్నర చదరపు మీటరు. అంటే 184 రావాలి. జర్మనీ కొలత నియమాల్లో రెండున్నర చదరపు మీటర్ల వరకు ఖాళీని తీసివేయరు, పైగా అంచుల పనిని వేరుగా కొలుస్తారు. అక్కడైతే అదే గోడకు 200, దాని మీద అంచులు.

168, 184, 200. గోడ ఒకటే, కిటికీ ఒకటే.

ఆ పేజీ జిరాక్సు తీసుకొని ఇంటికి వెళ్లాం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా నాయనకు తెలుగులో చదివి వినిపించాం. రెండుసార్లు చదివించుకున్నాడు. "గిది ఎప్పటిది బిడ్డా?" అన్నాడు. 1976 అని చెప్పాం. ఆయన పుట్టిన సంవత్సరం కూడా అదే. ఆ నియమం సర్కారు పనుల్లో కాంట్రాక్టరుకు వర్తించేదేగాని నోటి మాట మీద జరిగే మేస్త్రీ గుత్తకు కాదని కూడా చెప్పాం, చెప్పక తప్పదు కదా. అమ్మ మాత్రం "మరి కాంట్రాక్టరుకు ఇచ్చేది మనకెందుకియ్యరు?" అని ఆ రాత్రంతా అడుగుతూనే ఉంది.

అయినా నాయన మా చేత ఆ మూడు లెక్కలూ ఒక తెల్ల కాగితం మీద పెద్ద అంకెలతో తెలుగులో రాయించుకున్నాడు. ఇప్పుడు టేపు పెట్టుకునే సంచిలో అది కూడా ఉంటుంది. ఆ పాత మేస్త్రీ కాగితం చూసి నవ్వాడట. రేటు ఇప్పటికీ మాట మీదే నడుస్తోంది. కాకపోతే ఈమధ్య ఏ ఇంటికి పనికి వెళ్లినా నాయన ముందు కిటికీల దగ్గరికి వెళ్లి టేపు పట్టి, వీటి లెక్క ఎట్లా అని అడిగిన తరువాతే గోడ తడుపుతున్నాడు.